బీఏ పొలిటికల్ సైన్స్ చేస్తే ఉద్యోగాలొస్తాయా?

అనంతపురంలో ఇంటర్ సీఈసీ అయిపోయింది, బీఏ పొలిటికల్ సైన్స్‌లో చేరితే ఏమొస్తాది అని కదా అడిగినావు. ఒట్టి డిగ్రీ చూసి ఎవరూ పిలిచి ఉద్యోగం ఇయ్యరబ్బా, కానీ గ్రూప్-2 మెయిన్స్‌లో రాజ్యాంగానికే 75 మార్కులు, రిట్ (హక్కుల కోసం కోర్టులో వేసే పిటిషన్) వేయాలంటే ఆర్టికల్ 32 కింద సుప్రీంకోర్టు, 226 కింద హైకోర్టు అని మిగతావాళ్లు కోచింగ్‌లో బట్టీ పడుతుంటే నీకు డిగ్రీలోనే వచ్చేసింటాది. సివిల్స్‌లో ఇదే ఆప్షనల్ తీసుకుంటే 500 మార్కులు. డిగ్రీ కాలేజీ లెక్చరర్ కావాలంటే ఎస్కేయూలో (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ) ఎంఏ చేసి నెట్టో సెట్టో (లెక్చరర్ అర్హత పరీక్షలు) కొట్టాల, స్కూలంటే బీఎడ్. నన్నడిగితే డిగ్రీ తర్వాత మూడేండ్ల ఎల్ఎల్‌బీ బెస్టు, లాయరుగా ప్రాక్టీసు చేసుకుంటే నోటిఫికేషన్ ఎప్పుడొస్తాదా అని రూములో కాసుకోని కూర్చునే పని ఉండదు. ఇంగ్లీషు మాత్రం ఇప్పట్నుంచే చూసుకో.