పుట్టగొడుగు మొక్క కాదా?

ప్రశ్న: పుట్టగొడుగు మొక్క కాదని మా పాపకి స్కూల్లో చెప్పారంట. నేల్లోంచే మొలుస్తుంది, కదలదు మెదలదు, మరి మొక్క కాకపోతే ఏంటండీ? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చాలా మంచి డౌటండీ. 1735లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ జీవుల్ని మొక్కలు, జంతువులు అని రెండే రాజ్యాలు, అంటే పెద్ద గుంపులు, చేశాడు, పుట్టగొడుగులు మొక్కల్లో పడిపోయాయి. 1969లో విట్టేకర్ అనే అమెరికన్ సైంటిస్టు ఐదు రాజ్యాలు చేసి శిలీంధ్రాలకి, అంటే పుట్టగొడుగులు, బూజుల్లాంటి వాటికి, వేరే రాజ్యం ఇచ్చాడు, ఎందుకంటే జీవులు తిండి ఎలా సంపాదించుకుంటాయో కూడా ఆయన చూశాడు. మొక్కకి పత్రహరితం ఉంటుంది, ఎండతో తన తిండి తనే తయారుచేసుకుంటుంది, పుట్టగొడుగుకి అది లేదు, కుళ్ళిన ఆకుల మీదా చెక్కల మీదా ఎంజైములు వదిలి బయటే అరిగించి ఆ సారం పీల్చుకుంటుంది. దాని కణాల గోడల్లో ముఖ్యంగా ఉండేది మొక్కల్లోలా సెల్యులోజ్ కాదు, కైటిన్, అదేనండీ రొయ్య పెంకులో ఉండేది! తర్వాత జన్యువులు పోల్చి చూస్తే శిలీంధ్రాలు మొక్కల కంటే జంతువులకే, అంటే మనకే, దగ్గర చుట్టాలని తేలింది. నాకైతే ఇది ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

పాపతో ఒకటి చేయించండి. మార్కెట్లో కొన్న బటన్ మష్రూమ్, బాగా విచ్చుకున్నది, కాడ తీసేసి తెల్ల కాగితం మీద బోర్లించి గిన్నె మూసి రాత్రంతా వదిలేయండి, పొద్దునకి ముదురు గోధుమరంగు పొడి సన్నటి గీతలుగా పడుంటుంది. అవి సిద్ధబీజాలు (స్పోర్లు), అంటే కొత్త శిలీంధ్రం పుట్టడానికి పనికొచ్చే సన్నటి కణాలు, విత్తనాలు కావు. బయట మొలిచినవి మాత్రం తిననివ్వకండి, కొన్ని ప్రాణం తీసేంత విషం.