చెల్లెలు పంపిన చీర

చిత్తూరు దగ్గరి పల్లెలో పుట్టి, తిరుపతిలో చదువుకుని, నాలుగేళ్ళుగా దక్షిణ కొరియాలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్న 36 ఏళ్ళ అవివాహిత రాసిన ఉత్తరం ఇది. ఆమెతో కలిసి తరగతికి వెళ్ళే కొరియా టీచరుకు వచ్చే శనివారం పెళ్ళి. ఆమె జ్వరంతో పడి ఉన్నప్పుడు ఆస్పత్రికి తీసుకువెళ్ళి, మూడు రోజులు గంజి కాచి తెచ్చి పోసిన మనిషి ఆ టీచరు. అయినా పెళ్ళికి వెళ్ళాలంటే ఈమెకు కాళ్ళు ఆడడం లేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి, చదివింపుల కవరు వేరొకరి చేత పంపితే తప్పవుతుందా, వెళితే ఎంత పెట్టాలి, చీర కట్టుకోవచ్చా అన్నవి ఆమె ప్రశ్నలు. నిరుడు వైశాఖంలో తిరుమలలో సొంత చెల్లెలి పెళ్ళి జరిగినప్పుడు, "నువ్వొస్తే అందరూ పెళ్ళికూతుర్ని వదిలేసి నిన్నే చూస్తారు, రావద్దులే" అని తల్లి అన్నందువల్ల ఆమె వెళ్ళలేదు. ఇప్పుడీ పెళ్ళి సంగతి చెబితే, "చెల్లెలి పెళ్ళికి రానిదానివి, ఎవరో పరాయిదాని పెళ్ళికి పోతావా?" అని అదే తల్లి అన్నదట.

అమ్మా, మీరు అడిగినదానికి జవాబు చిన్నది. వెళ్ళండి. జ్వరంలో మిమ్మల్ని కనిపెట్టుకుని ఉన్న మనిషికే జ్వరమని అబద్ధం చెప్పకండి. అక్కడి పెళ్ళి మంటపం వాకిట్లో వేసే బల్లకూ మన చదివింపుల బల్లకూ పెద్ద తేడా లేదు. తెల్ల కవరు వెనక మీ పేరు రాసి ఇస్తే, పుస్తకంలో రాసుకుని భోజనం టికెట్టు చేతికిస్తారు. మనం 116, 516, 1116 అని చివర పదహారు కలిపినట్టే వాళ్ళకూ ఒక పట్టింపు ఉంది. నాలుగు అన్న మాట వాళ్ళ భాషలో చావును గుర్తుకు తెస్తుంది కనుక 40 వేలు పెట్టరు. మామూలు పరిచయానికి 50 వేల వాన్‌లు పెడతారు కాబట్టి, గంజి కాచి పోసిన మనిషికి లక్ష పెట్టడం న్యాయం. తెలుపు పెళ్ళికూతురిది కనుక తెల్లచీర తప్ప మరేదైనా కట్టుకోవచ్చు. పెళ్ళితంతు అరగంటలో ముగిసిపోతుంది.

ఇంత చిన్న విషయానికి ఎవరూ ఆరు పేజీల ఉత్తరం రాయరు. ఆ ఆరు పేజీలూ నేను రెండుసార్లు చదివాను. ప్రతి పేజీలోనూ మీ అమ్మగారు ఉన్నారు. చెల్లెలి గురించి మాత్రం మూడే వాక్యాలు ఉన్నాయి: పెళ్ళికి రాలేకపోవడానికి సెలవు దొరకలేదని ఆమెకు చెప్పానన్నది ఒకటి, పెళ్ళయ్యాక ఆమె పదకొండు సార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదన్నది ఒకటి, ఆమె పంపిన పట్టుచీర పార్సిలు విప్పకుండా అలమరలో ఉందన్నది ఒకటి. మీరు మొత్తం ఉత్తరం అమ్మ గురించి రాసినా, మీ గుండెలో ముల్లు ఈ మూడు వాక్యాల్లోనే ఉందని నేను అనుకుంటున్నాను.

ముందు అమ్మగారి సంగతి. ఆమె చేసింది తప్పు, అందులో నాకు రెండో మాట లేదు. నగల డబ్బులో ముప్పాతిక వంతు మీరు పంపారని రాశారు. డబ్బుకు పనికొచ్చిన కూతురు పందిట్లోకి పనికిరాలేదా? కొండమీద పెళ్ళి కనుక ఎక్కువమందిని తీసుకుపోలేమని బంధువులకు చెప్పారట. పాపవినాశనం దారిలోని కల్యాణ వేదికలో పెళ్ళి చేసుకున్నవారిలో దేవస్థానం దర్శనానికి పంపేది వధూవరులనూ వారి తల్లిదండ్రులనూ మాత్రమే కావచ్చు గానీ, వేదిక ముందు కూర్చుని అక్షతలు వేసే అక్కను అక్కడెవరూ లెక్కపెట్టి ఆపరు. మిమ్మల్ని ఆపింది కొండ కాదు, ఇంటి గడప. ఇంత జరిగినా ఆ మాటకు మీరు ఎదురు చెప్పలేదు, ఇప్పుడు అదే తల్లి "రానిదానివి" అని నింద మీ మీదకే తోసినప్పుడూ చెప్పలేదు. పెద్దల మాటకు విలువ ఇవ్వడం నేను ఎప్పుడూ కోరేదే. కానీ పెద్దకూతురికి పెళ్ళి కాకపోవడం ఇంటికి మచ్చ అన్న మాటకు తల వంచడం గౌరవం కాదు.

మా మేనత్త పెళ్ళి చేసుకోలేదు. బడిలో లెక్కలు చెప్పేవారు. మా ఇంట జరిగిన ప్రతి పెళ్ళిలోనూ ఆమె సామాన్ల గదిలో తాళంచెవులు పట్టుకుని లడ్డూలు లెక్కపెట్టేవారు, ముహూర్తం వేళకు కూడా బయటికి వచ్చేవారు కాదు. నా పెళ్ళిలోనూ అంతే జరిగింది. అప్పుడు నాకు 22 ఏళ్ళు; పీటల మీద కూర్చుని కూడా ఆ గది తలుపు వైపు చూశాను గానీ, "అత్తను పిలవండి" అని నోరు తెరిచి అడగలేదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు అడగనందుకు నేను ఈనాటికీ బాధపడుతున్నాను. అందువల్లనే మీ ఉత్తరంలో మీ అమ్మగారి కంటే మీ చెల్లెలే నాకు ఎక్కువగా కనిపించింది.

మీకు సెలవు దొరకలేదని ఆమె నమ్మింది. నమ్మకపోతే, అక్కకు తన పెళ్ళి కంటగింపు అయిందని అనుకుని ఉంటుంది. అమ్మ రావద్దన్నదని ఆమెకు తెలియదు, ఎందుకంటే అమ్మను కాపాడడానికి మీరే దాచారు. అమ్మ మీకు చేసిన అన్యాయానికి ఏడాదిగా శిక్ష అనుభవిస్తున్నది ఏ పాపమూ ఎరుగని ఆ పిల్ల. మీరు దూరంగా ఉంటే ఆమె కాపురం సుఖంగా ఉంటుందని రాశారు. పదకొండు సార్లు ఫోన్ చేసిన మనిషి మీ దూరాన్ని కోరుకుంటున్నదని మీరెలా అనుకున్నారో నాకు అర్థం కాలేదు.

కృష్ణుడి పెళ్ళి ఒక్కటీ కళ్ళారా చూడలేదని యశోద బాధపడితే, ఆమె కలియుగంలో వకుళగా పుట్టి శ్రీనివాసుడి కల్యాణం దగ్గరుండి జరిపించిందని తిరుపతి వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. పేరూరు బండ మీద ఆ తల్లి గుడిని బాగుచేసి 2022 జూన్‌లో మళ్ళీ ప్రతిష్ఠ చేశారు. అక్కడికి వెళ్ళినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది: చూడలేకపోయిన పెళ్ళి కోసం ఆ తల్లి మూల కూర్చుని ఏడవలేదు, సంబంధం మాట్లాడడానికి నారాయణవనం దాకా తానే వెళ్ళింది. మీరు కూడా కదలవలసిన వేళ ఇది.

కనుక శనివారానికి ముందు ఆ పార్సిలు విప్పండి. అందులో ఉన్నది తెల్లచీర కాకపోతే దాన్నే కట్టుకుని పెళ్ళికి వెళ్ళండి. జాకెట్టు కుట్టించుకునే వ్యవధి లేకపోతే ఉన్నవాటిలో కలిసేదేదైనా వేసుకోండి. పెళ్ళి అయ్యాక బంధువుల ఫొటో తీసి, ఆ తరువాత స్నేహితులనూ తోటి ఉద్యోగులనూ పిలుస్తారు. అప్పుడు వెనక వరుసలోకి జరగకుండా నిలబడండి. ఆ చీరలో ఉన్న ఫొటో చెల్లెలికి పంపండి. "నూడుల్స్ ఎప్పుడు పెడతారు?" అని మీ స్టాఫు రూములో పెద్దవాళ్ళు అడిగితే నవ్వి ఊరుకుంటానని రాశారు. "పప్పన్నం ఎప్పుడు పెడతావు?" అన్న మన ప్రశ్నకూ దానికీ తేడా ఏముంది? అక్కడ నవ్వగలిగిన మీరు చిత్తూరులోనూ నవ్వగలరు, ఆ ధైర్యం మీకు ఉంది.

చెల్లెలితో మాట్లాడేటప్పుడు అమ్మ మీద ఫిర్యాదుగా చెప్పకండి. ఆమె కొత్తగా కాపురానికి వెళ్ళిన పిల్ల, తల్లికీ అక్కకూ మధ్య తీర్పు చెప్పే పని ఆమెకు పెట్టకూడదు. "నాకు సెలవు దొరికేది. రావద్దంటే విని ఆగిపోయాను. నీకు అబద్ధం చెప్పాను, అది నా తప్పు" అంటే చాలు. ఎవరు రావద్దన్నారని ఆమె అడిగితే దాచకండి. అమ్మగారికి కూడా అదే రోజు ఒక మాట చెప్పండి: ఇకమీదట మన ఇంటి శుభకార్యాలన్నిటికీ వస్తాను, అడిగేవాళ్ళకు నేనే బదులు చెబుతాను, మీరు భయపడవద్దు అని. ఆమె ఏడవవచ్చు, కోపగించి ఫోన్ పెట్టేయవచ్చు. అయినా ఆ మాట వెనక్కు తీసుకోకండి. మీ నాన్నగారు ఈ విషయంలో నోరు విప్పలేదని రాశారు, ఆయన కోసం ఆగవద్దు.

జనవరిలో మీ బడికి చలికాలపు సెలవులు ఉంటాయి, సంక్రాంతీ అప్పుడే వస్తుంది. టికెట్టు ఇప్పుడే కొనుక్కోండి. చెల్లెలికీ మరిదికీ బట్టలు పెట్టడం అక్కగా మీకు ఉన్న హక్కు. దానికి అమ్మగారి అనుమతి అడగనక్కరలేదు.

ఆదివారం మీ గడియారంలో మధ్యాహ్నం రెండు అయినప్పుడు ఇక్కడ పదిన్నర అవుతుంది, చెల్లెలు పని ముగించుకుని తీరిగ్గా ఉండే వేళ. అప్పుడు ఫోన్ చేయండి. ఆమె ఎత్తకపోతే మళ్ళీ చేయండి. ఆమె మీకు పదకొండు సార్లు చేసింది.