బుజ్జమ్మకు, బండి స్టార్ట్ కాని పొద్దున కోసం

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నువ్వు పన్నెండు సీట్ల పాత డీజిల్ వ్యాన్ కొన్నావని, ఈ చలికాలం నర్సీపట్నం నుంచి లంబసింగికి టూరిస్టులను తిప్పబోతున్నావని. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ బళ్ళు బాగుచేశాను నేను. మన ఇంట్లో సొంతంగా వ్యాన్ కొన్నది మాత్రం నువ్వే. ఆ మాట మీ పెద్దమ్మతో రెండుసార్లు అన్నాను. అన్న వెంటనే భయం పట్టుకుంది. తెల్లవారుజామున ఆ చలిలో, కొండ మీద, వెనక పన్నెండు మంది గంటలు చూసుకుంటూ కూర్చుంటే, బండి స్టార్ట్ కాకపోతే ఈ పిల్ల ఏం చేస్తుంది అని. వాట్సాప్‌లో పెడితే ఎక్కడో పైకి పోతుంది. కాగితం మీద రాస్తే డాష్‌బోర్డు అరలో పెట్టుకుంటావని రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక్కటి. బండి స్టార్ట్ కాలేదనగానే బానెట్ ఎత్తకు. దిగి, వెనక చక్రాలకు ఎగువా దిగువా అడ్డాలు పెట్టు. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగు. గేర్ రాడ్డు పట్టుకుని కుడికీ ఎడమకీ ఊపి చూడు, వదులుగా ఊగితేనే న్యూట్రల్. బండి ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు. ఇవి అయ్యాకే మిగతావి. ఎందుకింత పట్టుబడుతున్నానో కింద రాస్తాను.

డీజిల్ ఉందో లేదో చూసుకో. పాత బళ్ళలో ముల్లును నమ్మకు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఎన్ని లీటర్లు కొట్టించావో చిన్న పుస్తకంలో రాసుకో. పర్మిట్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్ సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు.

ఇప్పుడు ఇంజన్. పెట్రోల్ బండిలాగా దీనికి స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో గాలిని పిస్టన్ గట్టిగా నొక్కుతుంది. నొక్కిన గాలి బాగా వేడెక్కుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. అందుకని మూడు కుదరాలి. సెల్ఫ్ మోటార్ ఇంజన్‌ను వేగంగా తిప్పాలి, గాలి కలవని డీజిల్, దాన్ని సిలిండర్‌లోకి చిమ్మే నాజిల్స్ దాకా రావాలి, లోపల తగినంత వేడి ఉండాలి. స్టార్ట్ కాని బండి దగ్గర మేము పడే పాట్లన్నీ ఈ మూడింటిలో ఏది లేదో కనిపెట్టడానికే.

కీ తిప్పి చెవి పెట్టు. ఏ చప్పుడూ లేకపోతే బ్యాటరీ టెర్మినల్, ఫ్యూజు, లేదంటే కీ వైరు. కటకటమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ డౌన్. ఒక్కసారి టక్‌మని ఊరుకుంటే, లైట్లు కూడా తగ్గకపోతే, సెల్ఫ్‌లోనే ఉంది లోపం. మూలుగుతూ నెమ్మదిగా తిరిగితే బ్యాటరీ అయినా కావచ్చు, ఇంజన్ నుంచి చాసిస్‌కు వచ్చే ఎర్త్ వైరు తుప్పు పట్టినా కావచ్చు. ఆ ఎర్త్ వైరును ఎవరూ చూడరు. కొత్త బ్యాటరీ కొనేసి, వారం తర్వాత అదే రోగంతో మా షెడ్డుకు వచ్చినవాళ్ళు ఎంతమందో. ఒక చిన్న మల్టీమీటర్ కొనుక్కో. పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు తొమ్మిదిన్నర కన్నా కిందికి పడితే దానిలో బలం లేదని. టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే వేడినీళ్ళు పోసి, బ్రష్‌తో రుద్ది, ఆరాక బిగించు.

సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి పట్టి ఉంచకు. ఒక నిమిషం ఆగి మళ్ళీ కొట్టు. కంగారులో అదే పనిగా కొడితే బ్యాటరీ, సెల్ఫ్ రెండూ పోతాయి, అప్పుడు నిజంగానే కొండ మీద ఉండిపోతావు.

సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు అనుకో. అప్పుడు పొగ గొట్టం చూడాలి. ఎవరినైనా చూడమను, పక్కన నిలబడి చూడాలి, వెనక కాదు. పొగ అసలు రాకపోతే డీజిల్ లోపలికి వెళ్ళడం లేదు. తెల్లటి పొగ, పచ్చి డీజిల్ వాసన వస్తే డీజిల్ వెళ్తోంది కానీ అంటుకోవడం లేదు. ఈ ఒక్క గుర్తుతో సగం పని తేలిపోతుంది.

అంటుకోవడం లేదంటే నీ దారిలో ఎక్కువగా హీటర్ ప్లగ్స్, అంటే చలిలో సిలిండర్ లోపల వేడి పుట్టించేవి. డిసెంబర్, జనవరిల్లో అక్కడ సున్నా దగ్గరికి పోతుంది. లంబసింగిని అక్కడివాళ్ళు కొర్రబయలు అంటారు కదా, రాత్రి బయట ఉంటే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని. ఇంజన్ ఆయిల్ కూడా అలాగే బిగుసుకుంటుంది. మీటర్ దగ్గర చుట్టలు చుట్టినట్టుండే లైటు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టు. లైటు అసలు వెలగకపోతే హీటర్ రిలే, ఫ్యూజు చూడాలి. నవంబర్‌లోనే నాలుగు ప్లగ్గులూ చెక్ చేయించు. ఒక్కటి పోతే బండి వణుకుతూ స్టార్ట్ అవుతుంది, రెండు పోతే చలిలో మొండికేస్తుంది. ఆయిల్ మార్చేటప్పుడు 15డబ్ల్యూ-40 పోయించు. ఎయిర్ క్లీనర్ దగ్గర పెట్రోల్ గుడ్డ పెట్టమనీ, స్ప్రే కొట్టమనీ సలహా ఇచ్చేవాళ్ళు తగులుతారు. హీటర్ ప్లగ్స్ ఉన్న ఇంజన్‌లో అది పేలుతుంది. ఇంజన్ కింద మంట పెడతామనే వాళ్ళను బండి దగ్గరకే రానివ్వకు.

పొగ లేదంటే డీజిల్ పైపుల్లో గాలి పట్టిందేమో చూడు. డీజిల్ అయిపోయినా, ఫిల్టర్ మార్చినా, పైపు కాస్త వదులైనా గాలి పడుతుంది. పైపు వదులుగా ఉన్న బండిని ఎత్తు వైపు ముక్కు పెట్టి రాత్రంతా నిలబెడితే డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోవచ్చు, పొద్దున్నే ఖాళీ పైపులు. ఆ గాలి తీయడం కష్టం కాదు. ఫిల్టర్ నెత్తిన ఉన్న బ్లీడ్ స్క్రూ కాస్త వదులు చెయ్యి. చేత్తో డీజిల్ కొట్టే చిన్న పంపు, హ్యాండ్ ప్రైమర్, దాని నల్ల మూతను తిప్పి లేపి, పైకీ కిందికీ కొడుతూ ఉండు. ముందు ఉత్త గాలి బుస్సుమంటుంది. తర్వాత సబ్బు నురగలా బుడగలు. ఆ తర్వాత బుడగ లేకుండా నిండుగా, తేనె రంగులో డీజిల్ కారుతుంది. అప్పుడు ప్రైమర్ కొడుతూనే స్క్రూ బిగించు. ప్రైమర్ మూతను మళ్ళీ గట్టిగా తిప్పడం మరిచిపోకు, అది వదులుగా ఉంటే అక్కడి నుంచే మళ్ళీ గాలి. ఆ స్క్రూ కింద వేసే రాగి వాచర్లు కొత్తవి నాలుగు ఎప్పుడూ అరలో ఉంచుకో, పాతవి రెండోసారి సరిగా పట్టవు. ఫిల్టర్ అడుగున నీళ్ళు దిగే స్క్రూ ఉంటుంది, వారానికోసారి విప్పి ఒక గ్లాసులోకి పట్టు. అడుగున నీళ్ళు వేరుగా కనిపిస్తాయి.

నీ బండి డీజిల్ పంపు ఫోటో తీసి నాకు పంపించు. పాత మైకో పంపు అయితే పైన చెప్పినట్టు గాలి తీయాలి, అక్కడికీ రాకపోతే నాజిల్ పైపుల నట్లు కాస్త వదులు చేసి సెల్ఫ్ కొట్టించి బిగించాలి. కామన్ రైల్ బండి, అంటే నాజిల్స్ అన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ వెళ్ళే రకం అయితే మాత్రం ఆ సన్నటి ఇనుప పైపుల మీద పానా పెట్టకు. లోపల వెయ్యి బార్ దాటే ప్రెషర్ ఉంటుంది, సూదిలా చిమ్మి చర్మంలోంచి లోపలికి పోతుంది. వేలు తీసేయాల్సి వస్తుంది తల్లీ.

ఇక అసలు సంగతి.

మీ నాన్న ఎడమ మోకాలు ఎందుకు వంగదో నీకు తెలుసు. షెడ్డులో బండి తగిలిందని, తనే చూసుకోకుండా ముందు నిలబడ్డానని చెప్పి ఉంటాడు. అందరికీ అలాగే చెబుతాడు. పెళ్ళిచూపుల్లో మీ తాతయ్య అడిగినప్పుడు కూడా నా ముందే అలా చెప్పాడు. నేను తల దించుకుని కూర్చున్నాను. ఆ రోజు జరిగింది అది కాదు.

1986. బెజవాడ ఆటోనగర్‌లో పని చేస్తున్నాను, నాకు ఇరవై మూడేళ్ళు. మీ నాన్న తొమ్మిదో తరగతి, సెలవు రోజుల్లో నాకు క్యారేజీ తెచ్చేవాడు. పెళ్ళి సామాను ఎక్కించుకున్న ఒక వ్యాన్ వచ్చింది. కీ తిప్పితే టక్‌మని ఊరుకుంటోంది. డ్రైవర్ తొందరపెడుతున్నాడు, ముహూర్తం దాటిపోతుందని. మా మేస్త్రీ బయటికి వెళ్ళాడు. ఆయన లేనప్పుడు నేనే బాగుచేసి పంపానని అనిపించుకోవాలి నాకు. డ్రైవర్ టీకి పోతూ కీ జేబులో వేసుకుపోయాడు. ఆ బండి కీతో ఆగే రకం కాదు. స్టాప్ రాడ్డు లాగితేనే డీజిల్ ఆగుతుంది, లేకపోతే సెల్ఫ్ తిరిగితే చాలు ఇంజన్ అందుకుంటుంది. కీ ఎందుకులే అనుకున్నాను. పక్కనుంచి కిందికి దూరి, పెద్ద స్క్రూ డ్రైవర్‌తో సెల్ఫ్ టెర్మినల్స్ రెండూ కలిపేద్దామని పడుకున్నాను.

లోపల చీకటిగా ఉంది. అప్పుడే మీ నాన్న వచ్చాడు, చేతిలో క్యారేజీ. "ముందుకెళ్ళి ఈ లైటు పట్టుకో" అన్నాను. బండికీ గోడకీ మధ్య మూడడుగులు ఉంటుందేమో. అన్నయ్య చెప్పాడు కాబట్టి వెళ్ళి నిలబడ్డాడు.

ఆ బండికి హ్యాండ్ బ్రేక్ పట్టదు. అందుకని డ్రైవర్ ఫస్ట్ గేర్‌లో వేసి దిగాడు. డ్రైవర్లందరికీ ఉన్న అలవాటే. సెల్ఫ్ మీద చెయ్యి వేసే ముందు గేర్ ఊపి చూడాలని మేస్త్రీ నాకు వందసార్లు చెప్పాడు. లేచి, డోర్ తీసి, రాడ్డు ఊపి రావడానికి అర నిమిషం పట్టేది. నేను లేవలేదు.

స్క్రూ డ్రైవర్ ఆనించగానే నిప్పు రాలింది, బండి ముందుకు ఎగిరింది. ముందు నాకు వినిపించింది క్యారేజీ నలిగిన చప్పుడు. తర్వాతే వాడి గొంతు. బయటికి వచ్చి చూస్తే గోడ మీద పప్పన్నం అంటుకుని ఉంది, అల్యూమినియం గిన్నెలు కాగితాల్లా నలిగిపోయి ఉన్నాయి, బంపరుకూ గోడకూ మధ్య వాడి మోకాలు. నలుగురం వెనక్కి లాగాం. రిక్షాలో తీసుకెళ్తుంటే వాడు నన్ను అడిగింది ఒకటే, "అన్నయ్యా, అమ్మకి ఏం చెబుదాం?" అని. ఇంటికి వెళ్ళాక నేను నోరు తెరవకముందే వాడే చెప్పేశాడు, నేనే చూసుకోలేదమ్మా అని. ఆ రోజు మొదలుపెట్టిన మాట ఇప్పటికీ మార్చలేదు.

ఆ కాలితో బండి నడపలేడు కనకే, నీకు పద్దెనిమిది నిండగానే లైసెన్స్ తీయించి కొట్టు ట్రాలీ ఆటో నీ చేతికిచ్చాడు. నువ్వు డ్రైవర్‌వి అయ్యావని అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను. ఎందుకు అయ్యావో గుర్తొచ్చి కడుపులో దేవినట్టు కూడా అయింది.

అందుకే చెబుతున్నాను. దారిలో ఏ లారీ డ్రైవరో, ఏ మెకానికో సాయానికి వచ్చి, కింద స్క్రూ డ్రైవర్ పెట్టి డైరెక్ట్ చేస్తానంటాడు. ముందు నువ్వు సీట్లో కూర్చో. క్లచ్ పూర్తిగా తొక్కు. గేర్ ఊపు. బండి ముందూ వెనకా ఉన్నవాళ్ళను పేరుపేరునా పక్కకు పిలువు. అప్పుడు కానివ్వమను. వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనివ్వు. నువ్వు మాత్రం ఎప్పుడూ ఆ పని చేయకు. టూరిస్టులు సూర్యోదయం పోయిందని గొడవ చేస్తే డబ్బులు వెనక్కి ఇచ్చెయ్యి, ఆ డబ్బు నేను పంపుతాను. నిజంగానే అంటున్నాను.

ఇంకొకటి, ఘాట్‌లో దిగువకు వదిలేసి గేర్‌లో పెట్టి స్టార్ట్ చేద్దామనే ఆలోచన రానీకు. ఇంజన్ ఆగి ఉంటే బ్రేక్‌కు బలమిచ్చే వాక్యూమ్ ఉండదు, ఒకటి రెండుసార్లు తొక్కాక పెడల్ రాయిలా అవుతుంది. పవర్ స్టీరింగ్ అయితే అదీ బాగా బరువెక్కుతుంది. తొయ్యాలంటే చదును నేల మీద, మనుషుల్ని దించేసి.

వేరే బండితో బ్యాటరీ కలిపేటప్పుడు ప్లస్‌కు ప్లస్, మైనస్ వైరు మాత్రం నీ ఇంజన్ ఇనుముకు. డౌన్ అయిన బ్యాటరీ మైనస్ మీద పెడితే నిప్పురవ్వ పడి గ్యాస్ అంటుకోవచ్చు.

రాత్రి కొండ మీద ఆగితే చదునుగా ఉన్న చోటు చూసుకో, ట్యాంకు సగానికి తగ్గనీయకు. స్వెట్టర్ వేసుకో. నీకు చిన్నప్పటి నుంచీ చలికి జలుబు పడుతుంది, మీ పెద్దమ్మ రెండు మంకీ క్యాపులు అల్లుతోంది, వద్దని అనకు.

తుమ్మ చెక్కతో రెండు అడ్డాలు కోయించాను. ఒకవైపు ఏటవాలుగా చెక్కించి, అడుగున పాత టైరు ముక్క కొట్టించాను, తడి రోడ్డు మీద జారకుండా. లాగడానికి తాడు కూడా కట్టాను, చక్రం కిందికి చెయ్యి పెట్టే పని లేకుండా. గురువారం రాత్రి బస్సు పార్సిల్‌లో వేస్తున్నాను, శుక్రవారం పొద్దున నర్సీపట్నం బస్టాండుకు వస్తాయి. బరువు ఉంటాయి, మీ నాన్నను పంపకు. నువ్వే వెళ్ళి తెచ్చుకో.

మీ పెదనాన్న