పాత పికప్‌లో కొత్త రేడియో పెట్టించే ముందు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. పాత బొలెరో పికప్‌లో కొబ్బరికాయలు తోలుతుంటాను. బండితో వచ్చిన రేడియో మూగబోయింది. పెద్ద ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించుకోమంటున్నారు. నాకు విజయవాడ కేంద్రం వార్తలు, ఫోన్ మాట్లాడటానికి బ్లూటూత్ ఉంటే చాలు. ఏది కొనాలి?

జవాబు: మీ అవసరానికి స్క్రీన్ అక్కర్లేదండీ. సింగిల్ డిన్ సెట్ తీసుకోండి. దాని ముఖం సుమారు 18 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. డ్యాష్‌బోర్డు ఖాళీని, లోపలి లోతును కొలుచుకుని వెళ్లండి.

కొనేటప్పుడు మొదట అడగాల్సింది మీడియం వేవ్ గురించి. చవక సెట్లలో చాలావాటికి ఎఫ్ఎం ఒక్కటే ఉంటుంది. ఆకాశవాణి విజయవాడ మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. ఏఎం (సెట్ మీద మీడియం వేవ్‌కు రాసే పేరు) ఉన్న సెట్ అయినా సెట్టింగుల్లో ప్రాంతం అమెరికా అని ఉంటే 10 చొప్పున జరుగుతుంది, 830 తర్వాత 840కి దూకేస్తుంది. మన దగ్గర అడుగు 9 కిలోహెర్ట్జ్. ప్రాంతాన్ని ఆసియా లేదా యూరప్‌కి మార్చాకే స్టేషన్ వెతకండి.

ఇక అసలు టెన్షన్ వైరింగ్‌తోనే. కొత్త సెట్‌లో సాధారణంగా పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎరుపు వైరుకు తాళం తిప్పినప్పుడే రావాలి, నలుపు ఎర్తు. పసుపు, ఎరుపు రెండూ కలిపి బ్యాటరీకి కట్టేస్తే బండి నాలుగు రోజులు ఆగినప్పుడు బ్యాటరీ దిగిపోవచ్చు. బండి వైపు రంగులు ఇలాగే ఉంటాయని నమ్మొద్దు, మల్టీమీటర్‌తో చూడమనండి. కొన్ని పాత బళ్లలో స్పీకర్ల మైనస్ వైరును బాడీకే కలిపేసి ఉంటారు. కొత్త సెట్లకు అది పడదు, లోపలి ఆంప్లిఫయర్ కాలిపోయే ప్రమాదముంది. ప్రతి స్పీకర్‌కూ రెండు వైర్లు విడిగా లాగించండి. ఈ పనికి అడిగిన కూలి ఇచ్చేయండి, బేరమాడొద్దు. వైర్లు మెలిపెట్టి టేపు చుడితే ఎండకు టేపు జిగురు ఊడుతుంది. టంకం వేయించి స్లీవ్ తొడిగించండి.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఏరియల్ అడుగు భాగం, ఎర్తు బోల్టు త్వరగా తుప్పు పడతాయి. అవి గీకి శుభ్రం చేయకపోతే ఎంత ఖరీదైన సెట్ పెట్టినా స్టేషన్ సరిగా పట్టదు. పాత రేడియో పనైపోయిందనుకునే ముందు దాని ఫ్యూజు కూడా ఒకసారి చూడండి. పోయింది అదొక్కటే అయితే కొత్తది కొనే పనే లేదు.

ప్రశ్న: భీమవరం నుంచి. చార్జర్ పెట్టగానే రేడియోలో గరగర వస్తోంది, ఎందుకు?

జవాబు: నాసిరకం చార్జర్ లోపలి సర్క్యూట్ వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ రేడియో తరంగాలను వదులుతుంది. మీడియం వేవ్ మీద దాని దెబ్బ ఎక్కువ. చార్జర్ తీసి చూడండి. గరగర ఆగితే మంచిది మార్చుకోండి. ఆగకపోతే ఏరియల్ ఎర్తు చూపించండి.