నొప్పి లేదుగా, దవడ వైర్లు ముందే తీయించేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడికి 24 ఏళ్లు. బండి మీద నుంచి పడి కింది దవడ రెండు చోట్ల విరిగింది. పై పళ్లకీ కింది పళ్లకీ కలిపి వైర్లు కట్టి మూడు వారాలైంది, ఇంకో మూడు వారాలు ఉంచాలంటున్నారు. వాడేమో నొప్పి లేదక్కా, తీయించేయ్ అని కాగితం మీద రాసి చూపిస్తున్నాడు. 5 కిలోలు తగ్గాడు, కింది పెదవి ఇంకా మొద్దుగానే ఉందంట. ముందే తీయిస్తే ఏమవుతుంది?

జవాబు: వద్దమ్మా, ఆ పని మాత్రం చేయకండి. నొప్పి తగ్గడం వేరు, ఎముక అతుక్కోవడం వేరు. మూడో వారానికి విరిగిన చోట ఉండేది ఇంకా మెత్తటి అతుకే, అది గట్టిపడటానికి పెద్దవాళ్లకి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది, ఇప్పుడు తొందరపడి కదిపితే ఎముక కాస్త పక్కకి జరిగినా చాలు పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా కలవవు, అప్పుడు మళ్లీ ఆపరేషన్ అనే దాకా వెళ్లొచ్చు.

మీరు రాయలేదు గానీ నాకు ముందు కావాల్సింది ఇది: వైర్లు కత్తిరించే కటర్ ఇచ్చారా? ఇవ్వకపోతే రేపే అడిగి తీసుకోండి, ఏ వైర్లు కత్తిరించాలో అద్దం ముందు వేలు పెట్టి చూపించమనండి. అది రాత్రీ పగలూ అతని పక్కనే ఉండాలి. వాంతి వస్తే కంగారుపడి వెంటనే కత్తిరించొద్దు, ముందుకి వంగితే పళ్ల సందుల్లోంచి, ముక్కులోంచి బయటికి వచ్చేస్తుంది. ఊపిరి ఆడకపోతేనే కటర్. ఈ మూడు వారాలూ మద్యం, సిగరెట్ రెండూ బంద్, సిగరెట్ వల్ల ఎముక అతుక్కోవడం కూడా ఆలస్యమవుతుంది.

బరువు తగ్గడం చాలామందికి అవుతుంది. అయితే జ్యూస్‌లతో కడుపు నిండుతుంది గానీ బలం రాదు, పాలు, ప్రోటీన్ పౌడర్, ఇంట్లో మీరు తినేదే మిక్సీలో మెత్తగా వేసి వడగట్టి రోజుకి 6 సార్లయినా ఇవ్వండి. పెద్ద సిరంజికి చిన్న ట్యూబ్ తగిలించి బుగ్గకీ పళ్లకీ మధ్య నుంచి వెనక దంతం దాకా పోనిచ్చి మెల్లగా వదిలితే తేలిగ్గా దిగుతుంది. తాగిన ప్రతిసారీ నోరు పుక్కిలించి, చిన్న పిల్లల మెత్తటి బ్రష్‌తో పళ్ల బయటి వైపు తోముకోవాలి. వైరు కొన బుగ్గకి గుచ్చుకుంటుంటే దాని మీద డెంటల్ వ్యాక్స్ (మెత్తటి మైనం) పెట్టండి.

పెదవికి స్పర్శ తెచ్చే నరం కింది దవడ ఎముక లోపల నుంచే వెళ్తుంది, ఎముకతో పాటు అది కూడా నలిగి ఉంటుంది. చాలామందికి నెలల మీద తిరిగొస్తుంది, చీమలు పాకినట్టు అనిపిస్తే మంచి గుర్తే. అప్పటిదాకా వేడివి ఇచ్చేముందు మీరే చూసి ఇవ్వండి, పెదవి కాలినా అతనికి తెలియదు.

వైర్లు తీసిన రోజు నోరు పెద్దగా తెరుచుకోదు, అది చూసి భయపడొద్దు. డాక్టర్ చెప్పినట్టు రోజూ కొన్నిసార్లు మెల్లగా తెరిచి మూసే వ్యాయామం చేయాలి. ముందు పళ్ల మధ్య తన మూడు వేళ్లు ఒకదాని మీద ఒకటిగా పట్టేంత తెరుచుకోవడం మామూలు లెక్క, మొదట్లో ఒకటే పట్టొచ్చు. గట్టి తిండి కూడా ఇంకొన్ని వారాలాగాలి. జ్వరం, చీము, నోట్లో చెడు రుచి, వాపు మళ్లీ పెరగడం, పళ్లు కలిసే తీరు మారినట్టు అనిపించడం, వీటిలో ఏది కనిపించినా చెకప్ తేదీ దాకా ఆగకుండా ఆ రోజే తీసుకెళ్లండి.