జోసెఫ్ చాంబర్లేన్ ఎంపీగా ఉంటూనే స్క్రూల ఫ్యాక్టరీ నడిపారా?

లేదు, వ్యాపారంలో తన వాటాను 1874లోనే అమ్మేశారు, బర్మింగ్‌హామ్ ఎంపీగా బ్రిటిష్ పార్లమెంటులో అడుగుపెట్టింది 1876లో. అప్పట్లో ఎంపీలకు జీతం లేదు (1911లో గానీ రాలేదు), కాబట్టి రాజకీయాల్లోకి రావాలంటే ముందే బాగా సంపాదించి ఉండాలి.

ఆయనకు ఆ డబ్బు తెచ్చిపెట్టింది స్క్రూ మొనే. పాత స్క్రూలకు మొన మొద్దుగా ఉండేది, ముందు చెక్కకు రంధ్రం చేస్తే తప్ప దిగేవి కావు. కొత్త అమెరికన్ యంత్రం చేసే స్క్రూకి మొన సూదిగా ఉండి, తిప్పుతుంటే తనంతట తనే చెక్కను కొరుక్కుంటూ పోయేది. దాని హక్కులు కొన్న మేనత్త భర్త నెటిల్‌ఫోల్డ్ కంపెనీలో చాంబర్లేన్ 1854లో, 18 ఏళ్లకే చేరారు.

వ్యాపారంలో నేర్చింది ఊరికీ ఉపయోగపడింది. ఉదాహరణకు, మేయర్‌గా ఉండగా ప్రైవేటు గ్యాస్ కంపెనీలను నగరపాలక సంస్థ చేత కొనిపించి, లాభం ఊరి ఖజానాకు చేరేలా చూశారు. నా దృష్టిలో ఆయన చేసిన గొప్ప పని ఇదే.

చాలామంది ఈయన్నే 1938లో హిట్లర్‌తో మ్యూనిక్ ఒప్పందం చేసుకున్న ప్రధాని అనుకుంటారు. అది ఆయన కొడుకు నెవిల్. జోసెఫ్ ఎన్నడూ ప్రధాని కాలేదు, 1914లోనే కన్నుమూశారు.