కొవ్వు కణాల మీద పరిశోధన చేస్తే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: డిగ్రీలో బయోటెక్నాలజీ చదువుతున్నాను. మనిషి మూలకణాలు రకరకాల కొవ్వు కణాలుగా ఎలా మారతాయో చదివాక అందులోనే పరిశోధన చేయాలనిపిస్తోంది. ఇంట్లో మాత్రం ‘కొవ్వు మీద పీహెచ్‌డీనా’ అని నవ్వుతున్నారు. ఇందులో భవిష్యత్తు ఉందా? ఏం నేర్చుకోవాలి?

జవాబు: నవ్వితే నవ్వనివ్వండి. లిపోడిస్ట్రోఫీ గురించి మాత్రం ఒకసారి వాళ్లకు చెప్పండి. ఈ జబ్బు ఉన్నవాళ్లకు ఒంట్లో కొవ్వు కణజాలం సరిగా ఏర్పడదు. మనిషి సన్నగానే ఉంటాడు, అయినా చిన్న వయసులోనే మధుమేహం రావచ్చు. దాచుకునే చోటు లేక కొవ్వంతా కాలేయంలోకి, కండరాల్లోకి చేరడమే కారణం.

ఇక మీ అంశం. మీసెంకైమల్ మూలకణం ఎముక కణంగానో, మృదులాస్థి కణంగానో, కొవ్వు కణంగానో మారగలదు. కొవ్వు వైపు తిరిగిన కణం మొదట ప్రీఅడిపోసైట్, అంటే కొవ్వు కణానికి ముందుకణం, అవుతుంది. ఆ దశలో మైక్రోస్కోప్ కింద పెద్దగా తేడా తెలియదు. తర్వాత పీపార్ గామా అనే ప్రోటీన్ రంగంలోకి దిగి, సీ/ఈబీపీ ఆల్ఫా అనే మరో ప్రోటీన్‌తో కలిసి అవసరమైన జన్యువులను పని చేయిస్తుంది. అప్పుడు కొవ్వు బొట్లు కనిపిస్తాయి. తెల్ల కొవ్వు కణంలో ఒకే పెద్ద బొట్టు ఉంటుంది. గోధుమరంగు కొవ్వు కణంలో చిన్న చిన్న బొట్లు, కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు బోలెడన్ని ఉంటాయి. వాటిలోని యూసీపీ1 అనే ప్రోటీన్ శక్తిని ఏటీపీగా (కణం వాడుకునే ఇంధనంగా) కాకుండా వేడిగా మార్చేస్తుంది. పసిపిల్లల్లోనే ముఖ్యమనుకున్న ఈ కొవ్వు పెద్దవాళ్లలోనూ పనిచేస్తోందని 2009లో వచ్చిన పరిశోధనలు గట్టిగా చూపించాయి. తెల్ల కొవ్వు మధ్యలో కనిపించే బీజ్ (లేత గోధుమరంగు) కొవ్వు కణాలు మరో రకం. ఎలుకల్లోనైతే గోధుమరంగు కొవ్వు కణాలకు తెల్ల కొవ్వు కంటే కండరంతోనే చుట్టరికం ఎక్కువని తేలింది. మనిషిలో ఏ ముందుకణం ఏ రకానికి దారితీస్తుందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. మీకు పని దొరికేది అక్కడే.

అవకాశాలు ఊబకాయం మందులతోనే ఆగిపోవు. మధుమేహానికి వాడే పయోగ్లిటజోన్ పనిచేసేది ఈ పీపార్ గామా మీదే. సెల్ థెరపీ, పునర్నిర్మాణ శస్త్రచికిత్సలు, ల్యాబ్‌లో పెంచే మాంసం, వీటన్నిటికీ కొవ్వు కణాలను పెంచడం తెలిసినవాళ్లు కావాలి. పీహెచ్‌డీకి ఏళ్లు పడుతుంది, మంచి జీతం ఆలస్యంగా వస్తుంది. ఇంట్లోవాళ్ల టెన్షన్ బహుశా అదే, అందులో తప్పేం లేదు. అయితే సెల్ కల్చర్, అంటే ల్యాబ్‌లో కణాలను పెంచడం, బాగా వస్తే మాస్టర్స్ తర్వాత కూడా ఉద్యోగానికి ప్రయత్నించవచ్చు.

నేర్చుకోవాల్సినవాటిలో సెల్ కల్చర్ మొదటిది. స్టాటిస్టిక్స్‌నూ, ఆర్ లేదా పైథాన్ ప్రోగ్రామింగ్‌నూ వాయిదా వేయకండి. ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూసే సింగిల్ సెల్ సీక్వెన్సింగ్ వచ్చాక, డేటా చదవడం రానివాళ్లు ఈ రంగంలో వెనకబడుతున్నారని నా అభిప్రాయం. ‘కొవ్వు కరిగించే మందు కనిపెడతాను’ అనే ఆశతో మాత్రం రావద్దు, త్వరగా నిరాశపడతారు.

సెలవుల్లో ఏదైనా ల్యాబ్‌లో చేరడానికి అడగండి. మనిషి కణాలు కొవ్వు కణాలుగా మారడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అన్నాళ్లూ కణాలు పెరిగే పోషక ద్రవాన్ని (మీడియా) మారుస్తూ, కంటామినేషన్ రాకుండా కాపాడాలి. చివర్లో ఆయిల్ రెడ్ ఓ రంగు వేస్తే కొవ్వు బొట్లు ఎర్రగా కనిపిస్తాయి. కణాలిచ్చిన దాత మారితే ఫలితమూ మారుతుంది, కాబట్టి మళ్లీ మొదటి నుంచి చేయాల్సి రావచ్చు. అది విసుగనిపిస్తే ఇదే ప్రశ్న మీద డేటా వైపు నుంచి పనిచేయండి.